నెమళ్ల అంచు మీది బొట్లు

ధర్మవరం, శుక్రవారం రాత్రి

మా ఆయన గీసిన చీర అంచుల కాగితాలను మ్యూజియంలో ప్రదర్శనకు పెడుతున్నారు. దానికి వెబ్‌సైట్ చేస్తున్నది మా తమ్ముడి కూతురు సునీతే. సాయంత్రం హిందూపురం నుంచి వచ్చి ల్యాప్‌టాప్‌లో చూపించింది.

"చూడత్తా, మామ పేరు ఎంత పెద్దగా ఉండాదో! నువ్వు ఒగతూరన్నా పలకని పేరు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత పెనుకొండ గుడిలో చూసి గీసిన నెమళ్ల అంచు వచ్చింది. దాని మూలన పసుపూ కుంకుమా లేవు. ప్రతి ఆయుధపూజకూ మగ్గానికి పెట్టిన వేలితోనే ఆయన ఆ కాగితాలకూ బొట్టు పెట్టేవారు. పోయినేడు చేయి వణికి బొట్టు పక్కకు జారింది. అదే చివరిది.

"బొట్లు యాడికి పోయినాయమ్మా?"

"వాళ్లు పంపిన ఫోటోలోనే లేవత్తా."

వెంటనే మ్యూజియానికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అవతలి ఆయన సంతోషంగా చెప్పాడు. "కాగితాలన్నీ శుభ్రం చేయించినామమ్మా. ఒగ మరక గూడా లేదు."

"మంచిదప్పా" అన్నాను. కాగితాలు ఇచ్చేటప్పుడైనా బొట్లు చెరపొద్దని ఒక్క మాట చెప్పలేకపోయానే.

"ఫోటోలో రంగుతో దిద్దేదా అత్తా?" అని సునీత నెమ్మదిగా అడిగింది. వద్దన్నాను.

దసరాలోపు కాగితాలు తిరిగి ఇస్తారట. ఆయన పోయిన ఇంట్లో వాటికి నా చేత్తో బొట్టు పెట్టవచ్చునా, స్వామీ? ఎవరిని అడగాలో కూడా తెలియదు.