పాపకు సూది వేయించాను

గూళూరు, బుధవారం

నాయనా, మేము బాగున్నాము. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను.

ఫోనులో అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవని కార్డు రాస్తున్నాను. "అల్లుడు బెంగళూరు నుంచి రానీ, అంతవరకూ సూది వద్దు" అన్నావు. నేను ఆగలేదు. నిన్న పాపకు తట్టు రాకుండా వేసే సూది వేయించాను.

పోయినసారి సూదికి రెండు రోజులు పాప ఒళ్లు కాలిపోయింది గనుక నాకూ భయమే. అందుకే ఆస్పత్రిలో నర్సును నిలబెట్టి అడిగాను. "అందరూ వేయించుకొని పోతాండారు, నీకేమమ్మా ఇన్ని ప్రశ్నలు?" అంది. "బిడ్డ నాదమ్మా. నువ్వు చెప్పేవరకూ చెయ్యి ఇయ్యను" అన్నాను. ఆమె సూది పక్కన పెట్టి ఓపికగా చెప్పింది. వారం తర్వాత కాస్త జ్వరం రావచ్చు, రెండు రోజులు దాటితే తీసుకురావాలట. తట్టే వస్తే కళ్లకూ ఊపిరికీ ముప్పట. అప్పుడు పాప గౌను చెయ్యి నేనే పైకెత్తాను. పాప గట్టిగా ఏడ్చింది. నేను ఏడవలేదు.

మన బోరులో నీళ్లు వస్తున్నాయా? మొలకెత్తించిన రాగిపిండి కొంచెం తమ్ముడు గిరీశ్‌తో పంపమని అమ్మకు చెప్పు.

కోపముంటే వచ్చి, మనవరాలిని ఎత్తుకొని తిట్టు. తట్టుకు రెండో సూది పాపకు ఏడాదిన్నర నిండాకట. అప్పుడూ నిన్ను అడగను, చెబుతాను.

అమ్మకూ నీకూ దండాలు.

నీ కూతురు ప్రేమ