నీ గది ఎవరికీ చూపించలేదు

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు అందదని తెలిసీ రాస్తున్నాను. స్వరాజ్యం వచ్చింది. నువ్వు ప్రాణం విడిచిన అండమాన్ జైలు సగం కూలిపోయింది, జనం వెళ్ళి చూసొస్తున్నారు. గురజాల పెద్దమనుషులతో మద్రాసులో ఓడెక్కి నేనూ వెళ్ళాను.

మాతో మన మునసబు కూడా వచ్చాడు. అడవిలో పశువుల్ని మేపినందుకు పుల్లరి పన్ను కట్టనని నువ్వు ఫారెస్టు వాళ్ళకు ఎదురు తిరిగితే, కోర్టులో నీమీద సాక్ష్యం చెప్పిన ఆ మునసబే. ఇప్పుడు ఖద్దరు కడుతున్నాడు. ఖైదీలు తిప్పిన గానుగ ముందు నిలబడి అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

అప్పటికే ఒక ముసలి వార్డరు నాకు నీ గది చూపించాడు. అందనంత ఎత్తులో చిన్న కిటికీ ఉంది. సముద్రం కనపడదు. మన ఎండల్లో కూర్చుని అమ్మ, "వాడికి సముద్రం గాలన్నా తగులుద్దిలే" అనేది.

మునసబు పూలదండతో నా దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, మీ అన్నది ఏ గదిరా? దండేసి దణ్ణం పెట్టుకుంటా."

"నాకు తెలవదు బాబాయ్."

"ఇంత దూరమొచ్చి తెలవదంటే ఎట్టారా? ఎవర్నన్నా అడుగు."

నేను అడగలేదు. ఆయన ఎవరిదో గది తలుపుకు దండ తగిలించి, ఫోటో తీయించుకున్నాడు.

మన ఊరి నుంచి నీ గదిలో అడుగుపెట్టింది నేనొక్కణ్ణే.

నీ తమ్ముడు