బండ మీద వినాల్సిన కబురు

జూన్ 2008, బుధవారం

ముత్తమ్మవ్వ పోడు భూమి దరఖాస్తును మండలాఫీసు గుమస్తా పక్కన పడేశాడు. సర్వే ఎప్పుడో సెల్‌ఫోన్‌కు మెసేజ్ వస్తుందట, నంబరు లేనివాళ్లకు కబురే లేదట. నంబరు ఇవ్వడానికి రేపే ఆఖరి రోజు. నా నంబరు రాద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు.

"ఆ మాట పంపెటోడు ఎవడు బిడ్డా? మన గుడిసెకొచ్చి నీళ్లు తాగిండా? ఊరంత కూసోని ఇనని కబురు నేను నమ్మ."

"భూమి పోతదే అవ్వా," అని అరిచాను.

"ఇంకింత గట్టిగ అరువు, మండలాఫీసుకు ఇనపడతది. ఇగ ఫోనెందుకు?"

వాన వెలిసింది. తడిసిన ఇప్పచెట్ల వాసన గుడిసెలోకి వస్తోంది. జనానికి చెప్పమని నేను చదివిన ప్రతి సంఘం కరపత్రమూ అంది, జనం ఎలా వింటారో ఒక్కటీ అనలేదు. కళ్లు మూస్తే, సిగ్నల్ దొరికే బండ మీద, చీకట్లో ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో నా ఫోను మిణుగురులా వెలుగుతోంది. మెసేజ్‌ను నేను కోయలో చెబుతుంటే అవ్వ తల ఊపుతోంది...

నా నంబరును ఊరంతా కలిసి ఇచ్చి, వచ్చిన కబురును బండ మీద కలిసి వింటే అవ్వ కాదనదు. తెల్లారగానే గుడిసె గుడిసెకూ చెప్పాలి: ఏడింటికి అందరూ బండ మీదికి రండి, అక్కడి నుంచే ఆఫీసుకు పోదాం.