నెగటివ్ అన్నారు

మార్చి 3

రిపోర్ట్ వచ్చింది. నెగటివ్. సీలియాక్ లేదట, అదే, గోధుమ పడని జబ్బు.

సంతోషించాల్సిన మాటే. డాక్టర్ కాగితం నా వైపు తిప్పి, మీకేమీ లేదమ్మా, గోధుమ హాయిగా తినండి అన్నాడు. ఐరన్ టాబ్లెట్ మార్చాడు. ఇది నాలుగో రకం. మరి జనవరిలో గోధుమ మానేశాక నా కడుపు ఎందుకు తేలికపడింది అని అడిగాను. ఒక్కోసారి మన నమ్మకమే మందులా పనిచేస్తుంది అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. తలుపు దాకా వచ్చి సాగనంపాడు కూడా. నా మంటంతా ఆ మర్యాద మీదే.

రెండేళ్ళుగా ఉబ్బరం, విరేచనాలు, దువ్వెన నిండా జుట్టు, రెండుసార్లు నిలవని కడుపు, ఎన్ని మాత్రలు మింగినా పెరగని రక్తం. ఇదంతా నమ్మకమే అయితే నా అంత భక్తురాలు ఇంకెవరూ ఉండరు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన హమ్మయ్య అన్నాడు. అమ్మ వంటింట్లోంచే విని, నేను ముందే చెప్పలా అంది. మన ఇంట్లో ఆడాళ్ళందరూ ఇంతేనే, గాలేస్తే పడిపోయే రకం అంది. కిందటేడు బాత్రూమ్ గుమ్మం దగ్గర తూలి గోడకి చెయ్యి ఆనించినందుకే అమ్మ మణికట్టు విరిగింది. అప్పట్నుంచి మా దగ్గరే ఉంటోంది. వంటంతా తనే. వద్దన్నా వినదు.

మార్చి 4

ఇవాళ కూడా గోధుమ ముట్టుకోలేదు. అన్నం, గుడ్డు, బంగాళాదుంప కూర. అమ్మ పోట్లాడుతుందనుకున్నాను. ఏమీ అనలేదు.

మార్చి 9

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో, వెనక చీకటి గదిలో. కళ్ళు పరీక్ష చేసి నంబర్ రాస్తాను. ఇవాళ ఒకాయన కూర్చోగానే గోడ మీద అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. ఇంకా కన్ను మూయమననే లేదు. డ్రైవింగ్ లైసెన్స్ కోసమట, తన ముందువాళ్ళు చదువుతుంటే బయట బెంచీ మీద కూర్చుని బట్టీ పట్టాడు. చార్ట్ మార్చాను. పైనున్న పెద్ద అక్షరం తప్ప ఒక్కటీ కనపడలేదు. నేను ఆ మొదటి చదువే రాసుకుని పంపించేసి ఉంటే, కాగితం మీద ఆయన చూపు దివ్యంగా ఉండేది.

నవ్వుకుంటూ లెన్సుల పెట్టె మూత వేస్తున్నాను. గది ఒక పక్కకి ఒరిగింది. స్టూల్ పట్టుకుని కూలబడిపోయాను. ఆయనే తడుముకుంటూ వెళ్ళి నీళ్ళు తెచ్చాడు. డాక్టర్‌కి చూపించుకోమ్మా అన్నాడు. చూపించుకున్నాను, నాకేమీ లేదట అన్నాను.

షాపు ఓనర్ అంతా చూశాడు. కొన్నాళ్ళు ముందు ఫ్రేముల కౌంటర్‌లో కూర్చోండి, తేలిక పని అన్నాడు. ఆ చీకటి గదిలో పని తప్ప నాకు ఇంకో విద్య రాదు. అది కూడా పోయేలా ఉంది.

మార్చి 14

మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఇవాళ ఒక ఆస్పత్రిలో రెండంతస్తుల మధ్య లిఫ్ట్ ఆగిపోతే వెళ్ళాడు. లోపల ఒక డాక్టరమ్మ ఒక్కతే ఉంది. తలుపు సందులోంచి ధైర్యం చెప్తూ, మీరు దేనికి డాక్టరండీ అని అడిగాడట. కడుపుకి అందట. ఇంక వదులుతాడా. ఆమెను బయటికి తీసేలోపు నా చరిత్ర మొత్తం అప్పజెప్పాడు. ఆవిడ విసుక్కోలేదా అన్నాను. ఏమో, నాకు చెప్పులే కనపడ్డాయి అన్నాడు.

ఆవిడ ఒకటే అడిగిందట. రక్తం ఇచ్చేనాటికి మీ ఆవిడ గోధుమ తింటోందా, మానేసిందా అని. సోమవారం తీసుకురమ్మంది.

మార్చి 16, సాయంత్రం

లిఫ్ట్ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. ఆవిడ రిపోర్ట్ చదివి పక్కన పెట్టేసింది. గోధుమ లోపలికి పోతుంటేనే ఒళ్ళు దాని మీద యుద్ధం చేస్తుంది, ఆ యుద్ధం గుర్తులనే ఈ టెస్ట్ వెతుకుతుంది అంది. మీరు జనవరిలోనే మానేశారు కదా, రెండు నెలల్లో గుర్తులు చెరిగిపోయి ఉండొచ్చు, కాబట్టి ఈ నెగటివ్‌ని లెక్కలోకి తీసుకోలేను అంది. మళ్ళీ రోజూ రెండు ముక్కల బ్రెడ్ తినాలి. ఆరు వారాలు. అప్పుడు మళ్ళీ రక్తం తీయాలి.

జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు జబ్బు పడాలన్నమాట. అయినా బస్సులో తిరిగొస్తూ ఒళ్ళు తేలిపోయింది. నాకు పిచ్చి లేదు. టెస్టే తప్పు సమయంలో చేశారు.

మార్చి 16, రాత్రి 8

అన్నాల దగ్గర చెప్పాను, రేపట్నుంచి గోధుమ మళ్ళీ తినాలట అని. అమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది. మళ్ళీ తినడమేంటి, నువ్వు మానేసిందెప్పుడు అంది.

నాకు అర్థం కాలేదు. మా ఆయనకి ముందు అర్థమైంది.

నా కూర వేరే గిన్నెలోకి తీసి, అందులో మూడు పెద్ద చెంచాల గోధుమపిండి నీళ్ళలో కలిపి పోసి ఉడికిస్తోందట. జనవరి నుంచీ రోజూ. కూర చిక్కగా ఉందని నువ్వే మెచ్చుకున్నావు కదే అంది. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. ఎందుకమ్మా అంటే, నీ అనుమానం పోగొడదామని అంది. తింటూనే ఉన్నావు, కడుపు తేలిగ్గా ఉందంటూనే ఉన్నావు, ఏదో ఒకరోజు చెప్పేసి అందరం నవ్వుకుందామనుకున్నా అంది. అన్నీ మానేసి పుల్లలా అయిపోతావని భయమేసింది అంది.

కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. రోజూ తిన్నాను. బాగుందన్నాను.

మార్చి 17

అయితే మొదటి డాక్టర్ చెప్పిందే నిజమా.

మార్చి 19

మా ఆయన అమ్మతో మాట్లాడటం మానేశాడు. ఎదురుగా ఉన్నా, మీ అమ్మగారిని ఉప్పు ఇటు జరపమను అని నాకు చెప్తున్నాడు. గదిలోకి వచ్చాక, ఆవిణ్ణి మీ అన్నయ్య దగ్గరికి పంపించెయ్ అన్నాడు. ఇది ప్రేమ కాదు, మోసం అన్నాడు. నేను అమ్మ తరఫున వాదించాను. భయపడి చేసింది, పాపం పెద్దావిడ అన్నాను. ఆయన వెళ్ళిపోయాక ఆ మాటలే మళ్ళీ చెప్పుకుంటే ఒక్కటీ నిజంలా అనిపించలేదు.

డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఏమని చెప్పను. మీరు చెప్పిన కారణం తప్పండీ, నేను గోధుమ తింటూనే ఉన్నానండీ, అయినా నెగటివేనండీ అనా. షాపులో ఫ్రేములు తుడుస్తూ ఇదే. ఒకే ఫ్రేమ్ ఎన్నిసార్లు తుడిచానో.

మార్చి 23

వెళ్ళాను. అమ్మ నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. డాక్టర్ గదిలో నేను నోరు తెరిచేలోపు తనే చెప్పేసింది. పిండి, చెంచాలు, వేరే గిన్నె, అన్నీ. చేతులు చీర కొంగులో దాచుకుంది.

డాక్టర్ తిట్టలేదు. ఎంత పిండి అని అడిగి, నేను మీ అమ్మాయిని తినమన్నదానికి కాస్త తక్కువ, అంతే అంది. అంటే టెస్ట్ నాటికి నా ఒంట్లో గోధుమ ఉన్నట్టే. అయితే నాకేమీ లేనట్టేనా అన్నాను.

అప్పుడు ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తేలిగ్గా అనిపించడం పరీక్ష కాదు, అనిపించకపోవడం కూడా పరీక్ష కాదు అంది. పేగు సగం పాడైనా నొప్పి తెలియనివాళ్ళు ఉంటారట. మీ రక్తం పెరిగిందా, లేదు, నేను నమ్మేది దాన్ని అంది. ఆ టెస్ట్ వెతికే యుద్ధం గుర్తు ఐజీఏ అనే ఒక్క రకం యాంటీబాడీ. ఆ రకం ఒంట్లో తయారే కాని మనుషులు కొద్దిమంది ఉంటారు. వాళ్ళకి జబ్బు ఎంత ముదిరినా ఆ టెస్ట్ నెగటివ్ అనే అంటుంది. మీ మొత్తం ఐజీఏ ఎంతుందో ఎవరైనా చూశారా అంది.

ఎవరూ చూడలేదు. అక్కడే రక్తం ఇచ్చాను.

మార్చి 26

మొత్తం ఐజీఏ దాదాపు లేనే లేదు.

డాక్టర్ ఫోన్‌లో చెప్పింది. ఇంకో రకం యాంటీబాడీతో చేసిన టెస్ట్ కాస్త ఎక్కువొచ్చింది, కానీ దాన్ని పట్టుకుని తేల్చలేం, ఎండోస్కోపీ చేసి పేగు ముక్క చూడాలి అంది. అప్పటిదాకా గోధుమ మానొద్దంది.

ఇప్పుడు బ్రెడ్ నేనే కొనుక్కొచ్చి తింటున్నాను. కడుపు డోలులా ఉంది. అమ్మ నేను తింటున్నంతసేపూ పెరట్లో బట్టలు ఆరేస్తుంది. ఆరిపోయినవి కూడా.

ఏప్రిల్ 6

ఎండోస్కోపీ. గొంతులో చేదు మందు కొట్టారు, తర్వాత పెద్దగా ఏమీ గుర్తులేదు. ఆరు ముక్కలు తీశారట. అన్ని ఎందుకన్నాను. పేగు అంతా ఒకేలా పాడవదు, బాగున్న చోట ఒక్కటి తీసి చూస్తే బాగుందనే రాస్తారు అంది డాక్టర్.

మా ఆయన వరండాలో కూర్చోకుండా వాళ్ళ లిఫ్ట్ శబ్దం వింటూ నిలబడ్డాడు. బేరింగ్ పోయేలా ఉందని నర్సుకి చెప్పాడు.

ఏప్రిల్ 13

ఆరింటిలో నాలుగు పాడయ్యాయి. పేగు లోపల నూగులా ఉండాల్సింది చదునైపోయిందట. రెండు ముక్కలు మాత్రం దాదాపు బాగానే ఉన్నాయి.

ఆ రెండే తీసి ఉంటే అన్నాను. అయితే మిమ్మల్ని మళ్ళీ ఇంటికి పంపించేసేవాళ్ళం అంది డాక్టర్. ఇప్పుడు కూడా నూటికి నూరు అనను, పేగు పాడవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, అన్నీ కలిపి చూస్తే సీలియాక్ అంటున్నాను, గోధుమ, బార్లీ పూర్తిగా మానేసి రక్తం పెరుగుతుందో లేదో చూద్దాం, ఏడాదికి మళ్ళీ పేగు చూద్దాం అంది. నిలవని కడుపుల గురించి అడిగాను. దీనివల్ల అయ్యుండొచ్చు, చెప్పలేను అంది. చెప్పలేను అన్న డాక్టర్‌ని మొదటిసారి చూశాను.

ఆస్పత్రి బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. జబ్బుందని తెలిసి అంత హాయిగా ఎవరైనా ఏడుస్తారా.

ఇంట్లో చెప్పాను. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. విషం నా చేత్తో నేనే పెట్టానే అంది. నేను ఆస్పత్రి కాగితాలు బీరువాలో పెట్టడానికి వెళ్ళాను.

ఏప్రిల్ 15

అమ్మ గిన్నెలు, గరిటెలు, పిండి డబ్బాల అర, అన్నీ రెండుసార్లు తోమింది. విరిగి అతికిన చేత్తో. ఇక చాల్లే అని కూడా అనలేదు నేను.

ఏప్రిల్ 21

డాక్టర్ అంది, ఇది రక్తసంబంధం ఉన్నవాళ్ళకి వచ్చే అవకాశం ఎక్కువ, మీ అమ్మగారికి, అన్నయ్యకి టెస్ట్ చేయించండి అని. అన్నయ్య సరేనన్నాడు. అమ్మ మాత్రం, నాకేంటే, రాయిలా ఉన్నాను అంది. మణికట్టు పట్టుకునే అంది.

బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి, మీ అన్నయ్యకీ నీకూ మధ్య ఇద్దరు పోయారు తెలుసా అంది. తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. మా అత్తగారు నీది చేతగాని ఒళ్ళు అనేది, నేను కూడా అంతే అనుకున్నా అంది. మళ్ళీ బియ్యంలోకి తల వంచేసింది. నేను కూడా చేట ఇటు లాక్కుని ఏరాను.

ఏప్రిల్ 28

అమ్మని తీసుకెళ్ళాను. అక్కడ బయటపడింది. నాకు పిండి సంగతి చెప్పిన రాత్రి నుంచి అమ్మ గోధుమ ముట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకు నేను వేసుకున్న శిక్ష అంది. డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇప్పుడు రక్తం తీసి నెగటివ్ వచ్చినా ఆ మాట నమ్మలేనండీ అంది.

జీన్ టెస్ట్ ఒకటుంది, ఆ జీన్ లేకపోతే ఈ జబ్బు దాదాపు లేనట్టే, ఉంటే మాత్రం ఏమీ తేలదు, అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జబ్బే రాదు అంది. అది చేయించాం. ఐజీఏ కూడా.

మే 9

అమ్మకి ఐజీఏ బాగానే ఉంది. జీన్ ఉంది. అంటే ఏమీ తేలలేదు.

తేలాలంటే అమ్మ ఆరు వారాలు బ్రెడ్ తినాలి. టెస్ట్ లేకుండా ఊరికే మానేసినా తప్పు లేదు, కానీ ఈ జబ్బు ఎముకల్ని కూడా గుల్ల చేస్తుంది, మీ మణికట్టు అంత తేలిగ్గా ఎందుకు విరిగిందో తెలిస్తే వైద్యం వేరు, ఆలోచించుకోండి అంది డాక్టర్. బలవంతం లేదంది.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. తర్వాత అంది, తింటానే, కానీ చూస్తూ తినలేను, నువ్వే నాకు తెలీకుండా కూరలో కలిపెయ్ అని.

అని, తనే ఆగిపోయింది.

నేను కలపను, ప్లేట్లోనే పెడతాను అన్నాను. అంత గట్టిగా అనాలనుకోలేదు. సరేలే అంది. కాసేపటికి, అదే నయం అంది.

మే 11, ఉదయం

మొదటి రోజు. బ్రెడ్ మా ఆయన తెచ్చాడు, అత్తయ్యగారూ ఇదిగోండి అని తనే చేతికిచ్చాడు. తలుపు వేసుకుని తింటానంది. వద్దన్నాను. ఎదురుగా కూర్చున్నాను. మొదటి ముక్క చాలాసేపు నమిలింది.

జామ్ ఉందా అని అడిగింది.