ఇంజన్ ఆగేదాకా దిగకు

అన్నయ్యా,

నా డ్రైవింగ్ వల్లే కారు పాడైందని, వెంటనే అమ్మేయమని రాశావు. అమ్మను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ మాట.

అది టర్బో ఇంజన్. దూరం పోయొచ్చాక బండి నిలిపి, ఇంజన్‌ని కాసేపు ఊరికే తిరగనిచ్చి ఆపాలి, లేకపోతే వేడికి టర్బోలో ఆయిల్ మాడిపోతుంది. అందుకే నేను ఇంజన్ ఆపేదాకా మా అత్తగారు కూడా కారు దిగరు. నువ్వేమో అడిగి తీసుకెళ్ళి, వెనక ఎవరో తరుముతున్నట్టు తోలి, వెళ్ళినచోటల్లా టక్కున ఆపి, చివరికి నీలం పొగతో తెచ్చి మా గుమ్మం ముందు వదిలావు.

మెకానిక్ విప్పితే ఆయిల్ గొట్టం నిండా మసి. టర్బో మార్పించాను. ఇప్పుడు పొగ లేదు.

ఈసారి వస్తే స్టేషన్‌కి నేనే వస్తాను. వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చో. ఆవిడ దిగమన్నాకే దిగు.

తాళాలు ఇవ్వని
నీ చెల్లెలు