మొదటి కాన్పు

అక్కా,

నీ పాపకు మొన్న ఆరేళ్లు నిండాయి. నువ్వు పోయీ ఆరేళ్లయింది. మేమూ ఒక బిడ్డను కనాలనుకుని, కాన్పు ఖర్చు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కోసం ఈరోజు హిందూపురంలో ఏజెంటును కలిశాం.

"పిల్లోల్లు ఎంతమంది ఉండారమ్మా?" అని అడిగాడు.

"ఒక పాప."

"అట్లయితే ఇది రెండో కాన్పా?"

"కాదన్నా, మొదటిదే."

అతనికి అర్థం కాలేదు. మా ఆయన మెల్లగా చెప్పాడు. "మా వదిన బిడ్డ సార్. కన్నదినమే ఆయమ్మ పోయింది."

కాన్పు ఖర్చు రావాలంటే రెండేళ్లు ఆగాలట. నీలాగే పోతానేమోనని ఇన్నాళ్లు ఆగినదాన్ని, ఇంకో రెండేళ్లు ఆగలేనా?

ఫారంలో పాప పేరు పక్కన 'కూతురు' అని నేనే రాశాను. నీ పేరు రాయడానికి అందులో ఎక్కడా గడి లేదక్కా.