వంద లెక్కపెట్టేలోపు

చెల్లాయికి చిన్నన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా రెండు మోకాళ్ళూ, అద్దె పుస్తకాల షాపు మూసేశాక మిగిలిన మూడు బీరువాల పుస్తకాలూ. నువ్వూ, బావగారూ, మీ ఇంట్లో ఉంటున్న పెద్దన్నయ్యా కులాసా అని రాశావు. ఆయన సంగతి నేను అడగలేదు, నువ్వే రాశావు.

“అరవై నాలుగేళ్ళనాటి మాట ఇంకా ఎందుకన్నయ్యా పట్టుకుని వేళ్ళాడతావు” అన్నావు. నీకప్పుడు నాలుగేళ్ళు, గుర్తుండదు. నాకు తొమ్మిది. అమ్మ ఆస్పత్రిలో ఉంది, నాన్న ఆవిడ దగ్గరున్నాడు. కాలవ గట్టు తెగి నీళ్ళు గడప దాటాయి. పెద్దన్నయ్య మనిద్దర్నీ అటక ఎక్కించి, “పడవ తీసుకొస్తా, నువ్వు వంద లెక్కపెట్టేలోపు ఇక్కడుంటా” అని వెళ్ళాడు. నేను వంద లెక్కపెట్టాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. నువ్వు నా చొక్కా అంచు పట్టుకుని నిద్రపోయావు. సాయంత్రం పక్కింటివాళ్ళు కప్పు మీద పెంకులు తీసి మనల్ని పైకి లాగేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను. పదిహేనేళ్ళ పెద్దన్నయ్య పక్క వీధిలో ఒక మేడ మీద పొడిబట్టలతో దొరికాడు. “పడవవాడు రానన్నాడు” అన్నాడు. ఊరంతా నమ్మింది.

సరే, నీ ప్రశ్నలకి వస్తాను. కళ్ళజోడు మార్చాను. మందులు వేళకి వేసుకుంటున్నాను. ఇక మూడోది, “డెబ్బై మూడేళ్ళ వయసులో ఫైర్‌స్టేషన్‌కి వెళ్ళి నువ్వు నేర్చుకునేదేమిటి?” అన్నది. దీనికి కాస్త వివరంగా రాయాలి.

నగరంలో వరద, మంట, భూకంపం వస్తే ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో ఆరు ఆదివారాలు ఉచితంగా నేర్పుతామని ఫైర్‌స్టేషన్ గోడకి కాగితం అంటించారు. చేరాను. ఇరవై రెండు మందిమి. అందరిలోకీ నేనే ముసలివాణ్ణి, అందరికంటే ఎక్కువ చదివినవాణ్ణి కూడా. నేర్పేది ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. మొదటి రోజే, “ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయి, ముందు ఏం చేస్తారు?” అని అడిగింది. నేను లేచి నదుల గురించీ, డ్రైనేజీల చరిత్ర గురించీ చదివిందంతా ఏకరువు పెట్టాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, “తాతగారూ, ఈపాటికి మీరు మునిగిపోయారు” అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. పుస్తకంలో బొమ్మ చూసి నేను కట్టిన ముడిని ఒక్క వేలితో లాగితే విడిపోయింది. “ఇది ముడి కాదండీ, ముస్తాబు” అంది. నలభై ఏళ్ళు షాపులో కూర్చుని చదివాను, ఏ పుస్తకమూ నాకు ఎదురు చెప్పలేదు. నాకు కోపం రావాలి కదా? రాలేదు. మర్నాటి నుంచి బాల్కనీ కమ్మీకి తాడు కట్టడం మొదలుపెట్టాను.

నీళ్ళు రాకముందే పొడి స్టూలు మీద నిలబడి మెయిన్ స్విచ్ ఆపాలని నేర్చుకున్నాను. మురికినీళ్ళలో మ్యాన్‌హోల్ మూత లేచిపోయినా కనపడదు కాబట్టి ముందు కర్ర వెయ్యాలి, తర్వాతే కాలు. తలుపు తియ్యాలంటే తాళాన్ని బాదడం దండగ, తాళం తగిలించిన గడియ కింద గునపం దూర్చాలి. మూత బిగించిన ఖాళీ మంచినీళ్ళ డబ్బాలు నాలుగుంటే మనిషిని తేల్చవచ్చు. ఇంకోటి కూడా చెప్పిందా అమ్మాయి. “భయమేస్తే ధైర్యం కోసం చూస్తూ కూచోకండి. అది లేటుగా వస్తుంది. చేతులకి ఏదో ఒక పని చెప్పండి.”

మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గురించి నీకిదివరకు రాశాను. మూడు భాగాల నవల అద్దెకి తీసుకెళ్ళి, ఇరవై ఏళ్ళయినా మూడో భాగం తిరిగివ్వని మనిషి. ఆ నవల ముగింపు ఈ పేటలో ఆయనకొక్కడికే తెలుసు. నేను ముడులు వేస్తుంటే కిందనుంచి, “ఏం సార్, సర్కస్‌లో చేరారా?” అనేవాడు. వరద రాకుండా ఆవరణ చుట్టూ నడుమెత్తు గోడ కట్టించి, గేటుకీ అంతెత్తు రేకు కొట్టించి, రిబ్బన్ కత్తిరించుకున్నది కూడా ఆయనే. “ఇందులోకి వచ్చిన నీళ్ళు బయటికి ఎలా పోతాయండీ?” అని మీటింగులో అడిగాను. “అసలు వస్తేగా!” అన్నాడు.

పోయిన నెలలో వచ్చాయి. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసి, పొద్దున తొమ్మిదింటికి వెనక వీధి పెద్ద కాలవ పొంగింది. నీళ్ళు గేటు దగ్గర ఉండగానే తాడు నడుముకి చుట్టుకుని, ఈల మెళ్ళో వేసుకుని, కర్రతో కిందికి దిగి మెయిన్ ఆపేశాను. ప్రెసిడెంటు మూడో అంతస్తు నుంచి పరిగెత్తుకొచ్చాడు.

“ఎవరండీ కరెంటు తీసింది? వాషింగ్ మిషన్‌లో బట్టలున్నాయి!”

“బట్టలేగా, మనుషులు లేరుగా?” అన్నాను.

ఆయన నన్ను తోసుకుని కారు కోసం సెల్లారు వైపు పోబోయాడు. చెవి దగ్గర మూడుసార్లు ఈల ఊదాను. “కారు తేలుతుందేమో, మీరు తేలరు. పైకెళ్ళండి!” అని అరిచాను. వెళ్ళాడు చెల్లాయ్. ఆ మనిషి నా మాట వినడం అదే మొదలు. అంతలో నీళ్ళు గోడ దాటి దూకాయి. దూకినవి బయటికి పోయే దారి లేక తొట్టిలో నిండినట్టు నిండడం మొదలుపెట్టాయి.

అప్పుడు వినపడింది టైలరమ్మ గొంతు. కింది అంతస్తులో వెనక వాటా ఆవిడది. కాలికి పిండికట్టు. మేనకోడలు ఆఫీసుకి పోతూ, ఆవిడ లేచి తలుపు తీసే పని లేకుండా బయట ఇనపగేటుకి తాళం వేసి వెళుతుంది.

“బాబాయిగారూ! నీళ్ళు మంచం పట్టీకొచ్చేశాయండీ!”

కర్రతో తడుముకుంటూ వెళ్ళాను. నాకు నడుము దాకా వచ్చాయి. గేటుకి నా గుప్పెడంత తాళం. గునపం రెండో అంతస్తులో నా సంచిలో ఉంది.

“పైకెళ్ళి గునపం తెస్తానమ్మా.”

“మీరూ వెళ్ళిపోతే ఎలాగండీ?”

“నువ్వు వంద లెక్కపెట్టేలోపు ఇక్కడుంటాను,” అన్నాను. అనాలని అనలేదు. ఆ మాట ఇన్నేళ్ళూ నా నోట్లో ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు.

ఇక్కడిదాకా అందరికీ చెప్పాను. ఇక్కణ్ణుంచి ఎవరికీ చెప్పలేదు.

మొదటి అంతస్తు మలుపు దగ్గర మెట్లు పొడిగా ఉన్నాయి. కూర్చుండిపోయాను. మోకాళ్ళ మీద నెపం వెయ్యవచ్చు. వెయ్యను. భయం. పొడిమెట్టు తగలగానే ఒళ్ళంతా ఇక చాలు అంది. ఇంకో పది నిమిషాలు ఇక్కడే కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి చూసుకుంటారు, ముసలివాణ్ణి ఎవరూ తప్పుపట్టరు అనిపించింది. కిందనుంచి ఆవిడ లెక్క వినపడుతోంది. ఎనభై. తొంభై. వంద. తర్వాత ఏమీ వినపడలేదు. మళ్ళీ, “ఒకటి” అంది.

నా కాళ్ళు కదల్లేదు. చేతులు మాత్రం నడుముకున్న తాడు విప్పాయి. మెట్ల కమ్మీకి ముడి వేశాను. లాగి చూశాను. నిలబడింది. రెండో కొస నా నడుముకి కట్టుకున్నాను. కట్టడం పూర్తయ్యేసరికి లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో చెప్పలేను. కట్టిన కొస మళ్ళీ విప్పి అక్కడే ఉంచి పైకి ఎక్కాను. గునపం, ఖాళీ డబ్బాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని, ఎదురొచ్చిన ప్రెసిడెంటుతో, “రండి, చెప్పింది చెయ్యండి” అన్నాను. నడుముకి తాడు బిగించుకుని ఇద్దరం దిగాం.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ మూడో వందలో అరవై ఏడు దగ్గర ఉంది.

“మీరు చెప్పింది ఒక్క వందండీ,” అంది ఏడుస్తూ.

“తప్పు నాదే తల్లీ,” అన్నాను.

గడియ కింద గునపం దూర్చాం. మూడో ఊపుకి ఊడొచ్చింది. కుర్చీకి అటు రెండు, ఇటు రెండు డబ్బాలు కట్టి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, చెరోవైపూ పట్టుకుని తాడు వెంట మెట్ల దాకా తేల్చుకుంటూ తెచ్చాం. నీళ్ళు మా ఛాతీకి తగులుతున్నాయి. ఆవిడ కుర్చీలోంచి, “బాబాయిగారూ, కుడిపక్క డబ్బా వదులుగా ఉందండీ, ఇంకో కుట్టు వెయ్యండి” అంటోంది. మెట్ల నిండా జనం. నలభై ఏళ్ళు పుస్తకం అద్దెకిమ్మని తప్ప నాతో ఇంకో మాట మాట్లాడని వాళ్ళంతా చేతులు చాపారు.

మధ్యాహ్నం ఫైర్‌స్టేషన్ రబ్బరు పడవలో మా పంతులమ్మ వచ్చింది. “ఇంకా ఎవరైనా లోపలున్నారా?” అంది. “ఎవరూ లేరు, అందర్నీ లెక్కపెట్టాను” అన్నాను. కమ్మీకున్న ముడి దగ్గరికెళ్ళి ఒక వేలితో లాగింది. తర్వాత రెండు చేతులతో లాగింది. కాలు తన్నిపెట్టి మరీ లాగింది. కదల్లేదు. “తాతగారూ, వచ్చే బ్యాచ్‌కి ముడులు మీరే చెప్పాలి” అంది. వచ్చే ఆదివారం మొదలు. ఆ గోడ కూడా పడగొట్టారు. తీర్మానం నేను రాశాను, ప్రెసిడెంటు సంతకం పెట్టాడు.

ఇది చదివి నువ్వేమంటావో నాకు తెలుసు. “నువ్వూ కూర్చున్నావుగా అన్నయ్యా, ఇకనైనా ఆయన్ని క్షమించు” అంటావు. కూర్చున్నందుకు క్షమించాను. మెట్టు మీద ఉండగానే క్షమించాను. పదిహేనేళ్ళవాడు, ఎవరూ ఒక్క ముడి కూడా నేర్పలేదు. మేడ మీద పొడిగా కూర్చుంటే ఒళ్ళు లేవదని నాకిప్పుడు తెలుసు.

కానీ ఆ పడవవాడు ఒకసారి నా షాపుకి వచ్చాడని నీకు తెలియదు. కూతురికి పుస్తకం కావాలని వచ్చాడు. నేనెవరినో తెలిశాక, “నన్నెవరూ పిలవలేదు బాబూ. పిల్లలున్నారంటే రానా?” అన్నాడు. “పడవవాడు రానన్నాడు” అన్న ఆ ఒక్క మాట పడ్డాక మన ఊళ్ళో ఎవరూ అతని పడవ ఎక్కలేదట. అప్పటికే పడవ అమ్ముకుని గోడౌన్‌లో బస్తాలు మోస్తున్నాడు. నేను వెళ్ళి పెద్దన్నయ్యని నిలదీస్తే, “వాడి మాట నమ్ముతావా?” అన్నాడు. ఆ పడవవాడు పోయి కూడా చాలాకాలమైంది.

నేను కూర్చున్న సంగతి నెల తిరక్కుండా నా చేత్తో రాసి నీకు పంపుతున్నాను. రాస్తే చచ్చిపోలేదు, తల కూడా తీసెయ్యలేదెవరూ. ఈ ఉత్తరం గట్టిగా చదువు, పక్క గదిలోకి వినపడేలా చదువు. అటక మీద వదిలేసిన పిల్లాడి సంగతి పక్కన పెట్టు. ఒక మంచివాడి నోటికాడి కూడు తీసి, డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చినా “నేనే అబద్ధం చెప్పాను” అనడానికి నోరు రాని మనిషిని మాత్రం నేను వదల్లేదు. ఇవాళ్టికీ నేను తప్పుపట్టేది ఆయన్నే, మన పెద్దన్నయ్యనే.

ఇట్లు,
నీ చిన్నన్నయ్య